పసిబిడ్డకు గుండె మందు: చుక్క కూడా లెక్కే



పుట్టినప్పుడు రెండున్నర కిలోలకన్నా తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ అంటాము. అలాంటి బిడ్డకు గుండె బలహీనమైనా, మరీ వేగంగా కొట్టుకున్నా కొన్నిసార్లు వైద్యులు డిగాక్సిన్ అనే మందు రాస్తారు. ఈ మందులో మేలు చేసే మోతాదుకు, హాని చేసే మోతాదుకు తేడా చాలా తక్కువ. అందుకే రక్తపరీక్ష చేసి మోతాదు నిర్ణయిస్తారు.

రక్తపరీక్ష ఏమి చెబుతుంది?

మన నిజాంసాగర్‌నే తీసుకోండి. మంజీరా నుండి వచ్చే నీరెంత, బయటికి పోయే నీరెంత అన్నదాన్ని బట్టి నీటిమట్టం ఉంటుంది. రక్తంలో మందూ అంతే. మనం ఇచ్చే మోతాదు వచ్చే నీరు, మూత్రపిండాలు తూము. నెలలు నిండక పుట్టిన బిడ్డకు మూత్రపిండాలు ఇంకా ఎదగవు కనుక తూము సన్నం. మందు సగానికి తగ్గడానికి నెలలు నిండిన శిశువులో 35–45 గంటలు, నెలలు నిండని శిశువులో 61–170 గంటలు పడుతుంది. కాబట్టి కిలో బరువుకు లెక్కగట్టినా వీరికి తక్కువే ఇవ్వాలి.

మట్టం నిలకడకు వచ్చాక, మందు ఇచ్చి కనీసం ఆరు గంటలు గడిచాక రక్తం తీస్తారు. మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములు ఉండి, వైద్యునికి 1 చాలనిపిస్తే, మోతాదును మూడింట రెండు వంతులకు తగ్గిస్తారు. కొన్ని పరీక్షల్లో పసివారి రక్తంలోని సహజ పదార్థాల వల్ల అంకె ఎక్కువగా కనిపించవచ్చు. కనుక అంకెతో పాటు బిడ్డనూ చూస్తారు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. చెంచాతో పోయవద్దు. మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములుండే ద్రవంలో, రోజుకు 12.5 మైక్రోగ్రాములు రాస్తే అది పావు మిల్లీలీటరే. ఒక టీ చెంచాడు 20 రోజుల మందు! గీతలున్న సిరంజితోనే కొలవండి.

2. బిడ్డ కక్కినా, ఒక పూట మరిచినా రెట్టింపు ఇవ్వవద్దు. వైద్యుని అడగండి.

3. పాలు తాగకపోయినా, పదేపదే వాంతులైనా, మందకొడిగా ఉన్నా, నాడి నెమ్మదించినా, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సీసా కూడా వెంట తెండి.

బిడ్డ పెరిగేకొద్దీ బరువూ మారుతుంది, మూత్రపిండాల పనీ మారుతుంది. పోయిన నెల చీటీ ఈ నెలకు సరిపోకపోవచ్చు. వచ్చిన ప్రతిసారీ బిడ్డను తూకం వేయించి, మోతాదు సరిచూపించుకోండి.