మూలకు సరిపోయే అద్దాల తొట్టి

చి.ల.సౌ. స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను తల్లీ. హాల్లో టీవీ గోడకూ బాల్కనీ తలుపుకూ మధ్య మూలలో ఎల్ ఆకారం అక్వేరియం, మూడడుగుల ఎత్తు, ముందు వంపు తిరిగిన అద్దం, లోపల నీలం లైట్లు. బొమ్మ ముద్దుగానే ఉంది. ఇంటీరియర్ చేసే అబ్బాయి గీశాడన్నావు, అందుకే కాబోలు అందులో చేపలు, నీళ్లు మార్చే మనిషి తప్ప అన్నీ ఉన్నాయి. అడిగావు గనక చెబుతున్నాను: ఎత్తు సగానికి దించు, వంపు మానెయ్, ఎల్ బదులు ఐదు పక్కల మూల తొట్టి కట్టించు. ఎందుకో రాస్తాను. అల్లుడుగారికీ వినిపించు, ఆ నీలం లైట్ల ముచ్చట ఆయనదేనని నా అనుమానం.

నా ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలోనే గడిచింది గదా, ముందు ఎత్తు సంగతే చెప్పనీ. నాగార్జునసాగర్ కట్ట పైన సన్నగా, కిందికి పోయేకొద్దీ లావుగా ఎందుకుంటుందో చిన్నప్పుడు నువ్వే నన్నడిగావు. జలాశయం వెనక ఎన్ని మైళ్లు పరుచుకున్నా కట్టకు దానితో పనిలేదు. కట్ట దగ్గర నీరు ఎంత లోతుందన్నదే లెక్క. నీ తొట్టికీ అదే సూత్రం. మీటరు వెడల్పున్న అద్దం వెనక 45 సెంటీమీటర్ల నీరుంటే అది సుమారు 100 కిలోల బలంతో అద్దాన్ని బయటికి నెడుతుంది. అదే అద్దం వెనక 90 సెంటీమీటర్లు నిలబెడితే 200 కాదు, 400 కిలోలు. లోతు రెండింతలైతే తోపు నాలుగింతలు. అందులోనూ ఎక్కువ భాగం అడుగునే పనిచేస్తుంది. పొడవు పెంచుకుంటే డబ్బు, చోటు పోతాయి. ఎత్తు పెంచుకుంటే అద్దం మందం, అతుకుల మీద భారం, నీ నిద్ర అన్నీ దాంతో ముడిపడతాయి.

ఇంకొకటి, నీ చెయ్యి ఎంత పొడవు? మూడడుగుల తొట్టి అడుగున మొక్క నాటాలంటే భుజం దాకా ముంచినా అందదు. చేపలకైనా ఆ ఎత్తు వల్ల ఒరిగేది లేదు. వాటికి గాలి అందేది నీటి పైభాగం నుంచి. సన్నగా పొడుగ్గా నిలబెట్టిన తొట్టిలో నీరు ఎక్కువ, గాలి తగిలే చోటు తక్కువ. మే నెలలో నీరు వేడెక్కితే అందులో నిలిచే ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, పైగా కరెంటు పోతే మోటారూ ఆగిపోతుంది.

ఎల్ ఆకారంతో చిక్కు అడుగు పలక దగ్గరే మొదలవుతుంది. షాపులో గాజు కోసేవాడు చేసేది గీత గీసి విరవడం. ఆ గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవాలి గానీ మధ్యలో ఆగి మలుపు తిరగదు. వాటర్‌జెట్ మీద కోయించవచ్చు, కానీ లోపలి మూల పదునుగా వదిలితే బిగువంతా అక్కడ చేరి పగులు అక్కడి నుంచే బయలుదేరుతుంది. దాన్ని గుండ్రంగా తిప్పించాలి. లేదంటే అడుగును రెండు ముక్కలుగా అతకాలి, అంటే సరిగ్గా బరువంతా పడేచోట ఒక అతుకు. ఈ తిప్పలన్నీ పడి సాధించేదల్లా లోపలికి పొడుచుకొచ్చిన ఒక అద్దపు మూల. దాని చుట్టూ పాచి గీకే బాధ్యత నీది.

వంపు అద్దాన్ని అచ్చు మీద వేడిచేసి వంచాలి. అది పగిలితే మన వీధి గ్లాసు షాపులో మరొకటి దొరకదు. వంపు వెనక నీరు నిండితే అదొక భూతద్దం కూడా, చేప ఒక చోట సాగి, ఒక చోట కుంచించుకుపోయి కనిపిస్తుంది. ప్లాస్టిక్ జాతి ఆక్రిలిక్ తేలిగ్గా వంగుతుంది, దానిమీద గీతలూ అంతే తేలిగ్గా పడతాయి. బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో ఆక్రిలిక్‌తో కట్టిన పది లక్షల లీటర్ల గుండ్రటి స్తంభం లాంటి అక్వేరియం 2022 డిసెంబరు 16న తెల్లవారుజామున బద్దలై నీరు వీధిలోకొచ్చింది. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నీది అంతటిది కాదు, కానీ ఆకారం మీద మోజుతో ఎంత దూరం పోవచ్చో తెలియాలి గదా.

ఇక నేను చెప్పేది. గోడల వెంట రెండు పక్కలు 75 సెంటీమీటర్ల చొప్పున, వాటి చివర్ల నుంచి ముందుకు 35 చొప్పున రెండు, వాటిని కలుపుతూ ఏటవాలుగా ఒకటి. ఆ ముందు పలక 56.5 వస్తుంది. ఎత్తు 45, నీరు 40 దాకా. సుమారు 190 లీటర్లు. 10 ఎం.ఎం. గాజు నిశ్చింతగా సరిపోతుంది. టఫెన్డ్ అని ఎవరైనా ఊరిస్తే, టఫెన్ చేశాక దాన్ని కోయడం, రంధ్రం వేయడం కుదరదని గుర్తుపెట్టుకో. ముందు రెండు మూలలూ 135 డిగ్రీలు గనక అక్కడ కలిసే అంచుల్ని ఏటవాలుగా రుద్దించాలి, మామూలు నిలువు అంచుతో కలిపితే మధ్యలో సందు మిగులుతుంది. గోడల మూలకు ఆనిన వెనక మూల ముందు అద్దం నుంచి 78 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అది నీ చేతికి కష్టమే. అందుకే అక్కడ మూడు మూలల అడ్డపలక ఒకటి నిలబెట్టి, దాని వెనక ఫిల్టర్ పెట్టించు. మోటారును తాడు కట్టి పైకి లాక్కోవచ్చు, ముందు నుంచి వైర్లు కనపడవు.

ఆర్డరివ్వబోయే ముందు అట్ట కోసి ఆ మూలలో పరిచి చూడు. మన మేస్త్రీలు కట్టిన గోడ మూలమట్టానికి ఉంటుందని ప్లాను నమ్ముతుంది, గోడ నమ్మదు. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తుపెట్టు, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 రావాలి. రాకపోతే గోడకూ తొట్టికీ మధ్య రెండంగుళాలు వదిలెయ్. తుడవడానికైనా ఆ సందు కావాలి.

పలకల్ని అతికించే సిలికాన్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన ఘాటుగా కొట్టే రకం కొనాలి. బాత్రూమ్ సిలికాన్ వద్దు, అందులో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. అంచుల్ని అసిటోన్‌తో తుడిచాక వేలు తగలనివ్వకూడదు, వేలి జిడ్డు చాలు అతుకు వదలడానికి. రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, సిలికాన్ తీగలా ఒకే ఊపులో పోయించి, పలకను దాని మీద మెల్లగా ఆనించాలి. బలంగా నొక్కితే సిలికాన్ అంతా బయటికొచ్చి గాజు గాజును తాకుతుంది. మధ్యలో రెండు మూడు ఎం.ఎం. పొర మిగలాలి, పలకల్ని పట్టుకునేది ఆ పొరే. వేలితో ఒక్కసారి నున్నగా లాగి, పచ్చిగా ఉండగానే టేపు తీసెయ్యాలి. తరవాత మనసు మార్చుకుని పైన ఇంకో పొర పూస్తే లాభం లేదు, ఆరిన సిలికాన్ మీద కొత్తది సరిగా పట్టదు. కారితే పాతదంతా బ్లేడుతో గీకి మొదటికి రావాలి. సిలికాన్ గాలిలో తేమతో పై నుంచి లోపలికి ఆరుతుంది గనక, పైకి గట్టిపడింది గదా అని తొందరపడకు. వారం ఆగు.

తరవాత కింద పార్కింగ్‌లో, సమంగా ఉన్న చోట థర్మోకోల్ షీటు మీద పెట్టి సగం నింపు, మర్నాడు పూర్తిగా నింపు, రెండు మూడు రోజులు అలాగే ఉంచు. అడుగు అంచుల చుట్టూ పాత పేపరు పరిచి ఉంచితే చుక్క కారినా తెలుస్తుంది. వాచ్‌మన్‌తో ముందే ఒక మాట చెప్పు.

నీళ్లు, గాజు, ఇసుక, స్టాండు కలిపి 300 కిలోలు దాటుతుంది, అదీ అర చదరపు మీటరులో. ఇళ్లలో శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు అనుకుని డిజైన్ చేస్తారు. ఒకచోట కాస్త ఎక్కువ పడితే కూలిపోదు, బరువు పక్కలకూ పంచుకుంటుంది. నీ మూలలో స్తంభం, రెండు దూలాలు ఉన్నాయి గనక ఈ తొట్టికి నాకు బెంగ లేదు. నీ మొదటి బొమ్మలోదానికి మాత్రం ఉంది. స్టాండు ఇనుప యాంగిల్‌తో, పైన మందపాటి ప్లైవుడ్‌తో చేయించు. రసమట్టం పెట్టి నాలుగు దిక్కులా చూడు. స్టాండు వాలితే ఒక అతుకు మీదే భారం పడుతుంది.

చేపల సంగతి షాపువాడు చెబుతాడు, సగమే నమ్ము. నీళ్లు పోసిన రోజే చేపల్ని తేవద్దు. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈ తొట్టికి ఏంజెల్ చేపలు నాలుగు చాలు, ఆ ఎత్తు వాటి రెక్కలకు సరిపోతుంది.

గ్లాసు షాపుకిచ్చే కాగితం మీద ప్రతి కొలతా మిల్లీమీటర్లలో రాయించు, అది లోపలిదో బయటిదో పక్కనే రాయించు. నేను పైన ఇచ్చినవన్నీ లోపలి కొలతలు. పక్క పలకలు అడుగు పలక మీద నిలబడాలో, దాని చుట్టూ ఆనాలో కూడా అందులో ఉండాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న