తాండవ ఒడ్డున చరిత్ర – కృష్ణదేవిపేట



తుని, పాయకరావుపేటల మధ్య పారే తాండవ నదిని మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఈ నది పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుందని మనకు తెలుసు. కానీ పైకి వెళితే దాని ఒడ్డున ఏ ఊరుందో మనలో చాలామందికి తెలియదు. ఆ ఊరే కృష్ణదేవిపేట. ప్రస్తుతం ఇది అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో ఉంది. తుని నుంచి నర్సీపట్నం మీదుగా అక్కడికి వెళ్ళవచ్చు. ఊరు చిన్నదే అయినా దాని చరిత్ర చాలా పెద్దది.

రామరాజు రాక

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆయన కుటుంబం కొంతకాలం మన తునిలో కూడా నివసించింది. 1917లో ఆయన కృష్ణదేవిపేట చేరి, అక్కడి నీలకంఠేశ్వరస్వామి ఆలయంలో ధ్యానం చేసుకుంటూ, చుట్టుపక్కల మన్యం ప్రజల కష్టసుఖాలు తెలుసుకున్నారు.

ప్రజల కష్టాలు

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వల్ల గిరిజనులు పోడు వ్యవసాయం చేసుకోవడం కష్టమైంది. తాతల నాటి నుంచి తిరిగిన అడవిలో కట్టె కొట్టినా నేరమే అయింది. దీనికి తోడు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. ఈ బాధలే తిరుగుబాటుకు కారణమయ్యాయి.

మూడు రోజులు – మూడు స్టేషన్లు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై రామరాజు దళం దాడి చేసింది. మొత్తం 26 తుపాకులు వారి చేతికి వచ్చాయి. తీసుకున్న ఆయుధాల వివరాలు రాసి, సంతకం చేసి మరీ వెళ్ళడం రామరాజు పద్ధతి. అదే సంవత్సరం సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటు దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మరణించారు. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

చూడవలసిన స్థలం

1924 మే 7న మంప దగ్గర పట్టుబడిన రామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. ఆయన భౌతికకాయాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చి అంత్యక్రియలు జరిపారు. ఆ సమాధి ఉన్న స్థలమే ఈ ఊరికి గుర్తు.

అయితే ఒక్క మాట. అక్కడ గాం గంటందొర సమాధి కూడా ఉంది. రామరాజుకు కుడిభుజంగా నిలిచిన ఆ గిరిజన వీరుడు రామరాజు మరణించిన నెలకే, 1924 జూన్‌లో, పోరాడుతూ ప్రాణాలు విడిచాడు. ఆయన తమ్ముడు మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవి దారులు తెలిసినవారు, అన్నం పెట్టినవారు, దెబ్బలు తిన్నవారు గిరిజనులే. వారు లేకపోతే ఆ పోరాటం రెండేళ్ళు సాగేది కాదు. రామరాజు పేరుతో 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. గంటందొర పేరు మాత్రం మనలో ఎంతమంది విన్నారు?

మనం చేయవలసింది

"మా ఊళ్ళో ఏముంది, చరిత్ర అంటే ఢిల్లీది, లండన్‌ది కదా" అని మన గదుల్లో తరచు అనుకుంటాం. అది పొరపాటు. మన తాండవ నీళ్ళు ఆ సమాధులున్న ఊరి పక్క నుంచే వస్తున్నాయి. ఈసారి హాస్టల్ తరఫున విహారయాత్రకు వెళితే ముందుగా కృష్ణదేవిపేటకే వెళదాం. రామరాజుకు దండ వేసినప్పుడు, పక్కనున్న గంటందొరకూ ఒక దండ తీసుకువెళదాం.

సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ తాతయ్యను, అమ్మమ్మను అడిగి తమ ఊరి గురించి ఒక పేజీ రాసుకు రండి. రాసి పెట్టకపోతే పెద్దవాళ్ళతోపాటు ఆ మాటలూ పోతాయి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేజీలు చదువుకుందాం.