మునిగేవాని చేతి కంప్యూటరు

మాది అల్లాదుర్గ్. అక్కడ సముద్రం లేదు, బావులున్నాయి. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో దూకి ఈత నేర్చినవాణ్ణి. అటువంటివాడు విశాఖ పోయి, ఋషికొండ దగ్గర వీపున గాలి సిలిండరు మోస్తూ సముద్రంలో మునుగుతాడని మా ఊళ్లో ఎవరనుకున్నారు? సంచికకు సైన్సు వ్యాసం కావాలని యూనియన్ మిత్రులడిగితే, అక్కడ నన్నొకసారి భయపెట్టిన చేతి కంప్యూటరు గురించే రాయాలనిపించింది.

ముందు అది దేనికో చూద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా పడుతుంది. అనగా 20 మీటర్ల దగ్గర గట్టుమీదకన్నా మూడింతలు. అక్కడ పీల్చే ఒక్కొక్క శ్వాసకు గాలి కూడా మూడింతలు ఖర్చవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు నత్రజని. ఒత్తిడిలో అది రక్తంలోను, కండలోను, కొవ్వులోను కరుగుతుంది. గబాలున పైకొచ్చామా, గోలీసోడా కొట్టినట్టే, ఒంట్లో బుడగలు! కీళ్లనొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా తెస్తాయవి. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకలమీద ప్రయోగాలు చేసి, ఆగి ఆగి పైకి రావడానికి 1908లో పట్టికలు ప్రకటించాడు. చాలాకాలం మునిగేవాళ్లకు పట్టికలే దిక్కు. 1983లో అమెరికాలో ఎడ్జ్ అనే యంత్రం వచ్చాక, లోతునూ కాలాన్నీ క్షణక్షణం చూసి లెక్కకట్టే పని కంప్యూటరుకు అప్పగించారు.

తీగలేని రకంలో ఇంకో సదుపాయముంది. రెగ్యులేటరులో అధిక పీడనం వచ్చే రంధ్రానికి చిన్న ట్రాన్స్‌మిటరు బిగిస్తారు. సిలిండరులో ఎన్ని బార్ల గాలి మిగిలిందో అది మణికట్టుకు చేరవేస్తుంది. ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను మింగేస్తుంది గనుక, చాలా రకాల్లో 38 కిలోహెర్ట్జ్ ప్రాంతపు తక్కువ పౌనఃపున్యం వాడతారు. దాని అందుబాటు మీటరు, మీటరున్నర, అంతే. కొన్ని కొత్తరకాలు ధ్వనితరంగాలతో పంపుతాయి, అవి ఇంకా దూరం పోతాయి.

ఇక నా సంగతి. సెకండ్‌హాండ్‌లో ఒకటి కొన్నాను. కొన్న గర్వంలో పాత గొట్టం గేజి తీసి గదిలో పారేశాను. ఆ రోజు రెండో మునకలో, 16 మీటర్ల దగ్గర, బార్ల అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు కనిపించాయి. చెయ్యి తిప్పాను. అంకె వచ్చింది. మళ్లీ పోయింది, ఇక రాలేదు. లోతు, కాలం కనబడుతూనే ఉన్నాయి. గాలి ఎంతుందో మాత్రం తెలియదు! తోడున్నవానికి సైగ చేసి, అతని రెండో మౌత్‌పీసు అందేంత దగ్గరగా ఉంటూ, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేచి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలాగి పైకొచ్చాం. పడవలో ఇంకొకరి గేజి పెట్టి చూస్తే 70 బార్లున్నాయి. తప్పెవరిది? నాదే. ట్రాన్స్‌మిటరు బ్యాటరీ నీరసించిందని పొద్దున్నే తెరమీద గుర్తు వెలిగింది, చూసీ ఊరుకున్నాను.

అంకె రాకపోతే ముందు సిలిండరు వాల్వు తెరిచారా చూడండి. ట్రాన్స్‌మిటరు ఒత్తిడి తగిలితేగాని మేలుకోదు. తర్వాత బ్యాటరీ. అది మార్చినప్పుడు రబ్బరు రింగుమీద వెంట్రుకగాని ఇసుకరేణువుగాని ఉంటే నీళ్లు లోపలికొస్తాయి. ఆపైన, రెండూ ఒకదానికొకటి జతపరిచారా? కొన్ని పాతరకాల్లో పక్కవాని అంకె మన తెరమీద పడే ప్రమాదమూ ఉంది. కంప్యూటరు కట్టిన చేతివైపే ట్రాన్స్‌మిటరు ఉండటం మేలు. కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడు క్షణంసేపు అంకె పోతే కంగారక్కర్లేదు. ఒక్కమాట: సిలిండరు ఎత్తేటప్పుడు కొందరు దాన్నే పిడిలా పట్టుకుంటారు. విరుగుతుంది బాబూ, పిడి కాదది!

కొనేవాళ్లకు నా సలహా. మొదటి కొనుగోలుకు వైర్‌లెస్ అక్కర్లేదు, మంచి కంప్యూటరూ ఒక గేజీ చాలు. తీసుకునే పక్షంలో తెరమీది అంకెలు పెద్దవా, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చా, మరమ్మతు మన దేశంలో అవుతుందా అడగండి. ఏ ట్రాన్స్‌మిటరైనా ఏ కంప్యూటరుకైనా కలవదు, ఆ సంగతీ ముందే కనుక్కోండి. కొన్నాక కూడా గేజి తీసెయ్యకండి. రెండు మునకల మధ్య కంప్యూటరును ఇంకొకరికి ఎరువివ్వకూడదు. మీ ఒంట్లో నత్రజని లెక్క దానికి తెలుసుగాని, అతని లెక్క తెలియదు గదా!

ఆ సాయంత్రం మిత్రులు జీపు తెచ్చి అరకు పోదామన్నారు. తెరమీద విమానం బొమ్మ ఇంకా వెలుగుతోంది. అనగా ఎత్తుకు పోరాదని. అరకులోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. ఒకటికి మించి మునిగినవాళ్లు విమానం ఎక్కాలన్నా, 600 మీటర్లు దాటి కొండెక్కాలన్నా కనీసం 18 గంటలాగాలని డైవింగ్ వైద్యుల మాట. జీపువాళ్లు నన్ను తిట్టారు, నేను కంప్యూటరును తిట్టాను. మర్నాడు మధ్యాహ్నం బయల్దేరితే, బొర్రా గుహలు మూసే వేళకు చేరాం.