ఆకలి తగ్గినా మొహమాటం తగ్గదు

లావుగా ఉన్నవాళ్లను చూసి నోరు కట్టుకోలేరని ఎంత తేలిగ్గా అనేస్తాం! బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాక ఆ మాట ఎంత అన్యాయమో తెలిసొచ్చింది. మన దేశానికి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. అన్నం తిన్నాక పేగుల్లో ఊరే హార్మోన్ చేసే పనే ఈ మందులూ చేస్తాయి. పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది, ఇక చాలని మెదడుకు కబురందుతుంది. పొద్దస్తమానం తిండి మీదికే పోయే ధ్యాస చాలామందిలో తగ్గుతుంది. ఇన్నాళ్లూ వాళ్లను ఓడించింది ఒంట్లోని ఆకలే గానీ చేతకానితనం కాదు.

అయితే మన కోనసీమలో తినేదంతా ఆకలేసే తింటున్నామా? అమలాపురంలోనో రాజోలులోనో చుట్టాలింటికి వెళ్లి చూడండి. చాలని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచే నెయ్యి పోస్తారు. "ఇంకొక్క పూతరేకు వేసుకోండి బాబూ, దీనికే ఏమైపోతారండీ!" వద్దంటే వదినగారు చిన్నబుచ్చుకుంటారని తినేస్తాం. సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడి సంగతి సరేసరి. ఈ మొహమాటానికి ఏ ఇంజెక్షనూ లేదు. పైగా మందు వాడుతూ బలవంతాన తింటే వికారం, వాంతులు ఎక్కువవుతాయి.

వెగోవీలో ఉండే మందు సెమాగ్లుటైడ్‌పై 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో దాన్ని వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మందూ, దాంతోపాటు ఇచ్చిన ఆహార సలహాలూ ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. అలవాట్లు మార్చుకుంటే చాలని నేననను. కొందరికి మందు ఏళ్ల తరబడి కావాలి, అది డాక్టరుగారు తేల్చాలి. కానీ ఆకలి నెమ్మదించిన ఆ నెలలు "వద్దండీ" అనడం నేర్చుకోవడానికి మంచి అదను. కూర్చోగానే చెప్పేయండి, విస్తరి నిండాక చెబితే ఎవరూ వినరు. బరువుతోపాటు కండా కరుగుతుంది కాబట్టి ముందు గుడ్డో చేపముక్కో పప్పో తినండి, తర్వాతే అన్నం. సాయంత్రం కాలవగట్టు మీద నడవండి, కండ నిలవడానికి కాస్త బరువులెత్తే వ్యాయామమూ చేయండి.

వడ్డించే అక్కలకూ వదినలకూ ఒక మనవి. ఎవరైనా ఒకసారి వద్దంటే ఎందుకని ఆరా తీయకండి. ఇంజెక్షన్ వేసుకుంటున్నామని నలుగురిలో చెప్పుకోవడం చాలామందికి ఇబ్బంది. ఆ గరిటె పక్కన పెట్టి, కాసేపు కూర్చుని వాళ్లతో కబుర్లు చెప్పండి.