తరగతి గదిలోని ప్రాణి ఎవరి అమానత్?

కొన్నేళ్ళ క్రితం ఏలూరు సమీపంలో నేను సాయంత్రం పూట పాఠం చెప్పే మక్తబ్‌కు పిల్లలు రెండు లవ్ బర్డ్స్‌ను పంజరంతో సహా తెచ్చారు. తలా కొంత చందా వేసుకుని తాడేపల్లిగూడెంలో కొన్నారట. నెల రోజులు ఒకటే సంబరం. గింజలు వేయడానికి పోటీ పడేవారు. ఈద్ సెలవులు వచ్చాయి. నాలుగు రోజులు గదికి తాళం. నీళ్ళు ఫలానావాడు పెడతాడని ఒకరు, ఉస్తాద్ గారు చూసుకుంటారని మరొకరు అనుకున్నారు. తలుపు తీసేసరికి రెండూ చనిపోయి ఉన్నాయి. తాళం వేసింది నేనే, కాబట్టి మొదటి తప్పు నాది.

ఆ రోజు సబఖ్ పక్కనపెట్టి రెండు హదీసులు చెప్పుకున్నాం.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పిచ్చుకలాంటి చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయింది. దైవప్రవక్త (సఅసం) ఆ పసివాణ్ణి పెద్దవారిని పిలిచినట్టు కునియత్‌తో పిలిచి, పిట్ట ఏమైందని ఆప్యాయంగా అడిగారు (బుఖారీ, ముస్లిం, పిట్ట చనిపోయిన వివరం ఇతర ఉల్లేఖనాల్లో ఉంది). హిజ్రీ 4వ శతాబ్దపు షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచే 60 దాకా విషయాలు వెలికితీసి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. పిల్లలు పక్షిని పెంచుకోవచ్చునని, అయితే దాన్ని బాధపెట్టకూడదని ఉలమా దీన్నుంచే గ్రహించారు.

రెండవది, పిల్లిని బంధించిన స్త్రీ గురించిన హదీసు. ఆమె దానికి తిండి పెట్టలేదు, పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు. ఆ కారణంగా నరకం పాలయింది (బుఖారీ, ముస్లిం).

ఈ రెండింటినీ కలిపి చదవండి. మొదటిది అనుమతి, రెండవది ఆ అనుమతికి షరతు. ఇంట్లో పిల్లికి ఒక యజమాని ఉంటాడు. తరగతిలో ప్రాణి ముప్ఫై మందిది. ముప్ఫై మందిది అంటే ఎవరిదీ కాదన్నమాట! అందుకే కొనక ముందే శుక్రవారం వంతు ఎవరిది, సెలవుల్లో ఎవరింటికి వెళుతుంది, ఆ ఇంటి తల్లి ఒప్పుకున్నదా అని అడగాలి. జవాబు లేకపోతే తేవద్దు.

ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "హజ్రత్, చేపను తినడం హలాలే కదా, సీసాలో చస్తే ఏమిటి?" కొల్లేరు పిల్లలకు చేపపిల్లను సీసాలో వేసుకోవడం మామూలే. మంచి ప్రశ్న. జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టి, జంతువుకు బాధ తగ్గించమని ఆదేశం ఉంది (ముస్లిం). తినడానికి ఇచ్చిన అనుమతి హింసించడానికి అనుమతి ఎలా అవుతుంది?

ఇక అసలు తేకూడనివి కొన్ని ఉన్నాయి. రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరులో, ఆటపాక వైపు గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆ గూళ్ళ జోలికి వెళ్ళకూడదు. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పక్షి పిల్లలు రెంటిని తీసుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (సఅసం) చూసి, పిల్లల్ని దానికి తిరిగి ఇచ్చేయమన్నారు (అబూ దావూద్). కింద పడిన పిల్ల కనిపిస్తే ఇంటికి తేకుండా అటవీ సిబ్బందికి చెప్పమనండి.

మా మక్తబ్‌లో ఇప్పుడు పంజరం లేదు. కిటికీ గట్టు మీద మట్టి మూకుడులో నీళ్ళుంటాయి. శుక్రవారం వంతు ఎవరిదో బోర్డు మీద రాసి ఉంటుంది.