దానియేలు చదివిన చదువు, మన పిల్లల చదువు

పఠన భాగములు: దానియేలు 1, 3 అధ్యాయములు, అపొస్తలుల కార్యములు 17:16–34



జూన్ నెలలో బడులు తెరచినప్పుడెల్లా జూజువాడి చుట్టుపట్ల నున్న మన కుటుంబములలో కొన్ని ప్రశ్నలు లేచుచున్నవి. తెలుగు పాఠములో పోతన పద్యములు వచ్చినవి, మా పాప చదువవచ్చునా? తమిళ టీచరమ్మ పొంగలు పండుగను గూర్చి పది వాక్యములు వ్రాసికొని రమ్మన్నది, వ్రాయవచ్చునా? ఆయుధపూజనాడు బడిలో హారతి పట్టి కుంకుమ పెట్టుచున్నారు, పెట్టించుకొనవచ్చునా? ఈ మూడు ప్రశ్నలను మనవారు ఒకే గుక్కలో అడుగుచున్నారు. కొందరు మూడింటికిని "వద్దు" అని చెప్పి పిల్లను ఆ రోజు ఇంటనే ఉంచుచున్నారు. కొందరు "అందరూ చేయునదే కదా" అని మూడింటికిని తల ఊపుచున్నారు. రెండు జవాబులును మనకు సరిగా తోచుట లేదు. మొదటి రెండు ప్రశ్నలు చదువునకు చెందినవి, మూడవది ఆరాధనకు చెందినది. వాటి మధ్యనున్న గీత ఎక్కడ పడునో ఈ పాఠములో చూతము.

దానియేలు ఆ గీతను ఎట్లు గీసెనో గమనించుడి. నెబుకద్నెజరు యూదా యౌవనస్థులను బబులోనుకు తెచ్చి మూడు సంవత్సరములు చదువు చెప్పించెను. కల్దీయుల భాష, వారి గ్రంథములు నేర్పించెను. ఆ గ్రంథములలో ఏమి ఉండెను? త్రవ్వకములలో దొరికిన మట్టిపలకలను చదివిన పండితులు చెప్పుదానినిబట్టి, దేవతల కథలు, నక్షత్రముల లెక్కలు, శకునముల పట్టికలు ఉండెను. దానియేలు వీటిని చదువనని చెప్పినట్లు మనము ఎక్కడను చూడము. అతనికి పెట్టిన క్రొత్త పేరు రాజుయొక్క దేవత పేరునుబట్టి పెట్టినదే. దానికిని అతడు తగవు పెట్టుకొనలేదు. పరీక్షలో రాజ్యమందలి శకునగాండ్రందరికంటె ఎక్కువగా తేలెను. అతడు "వద్దు" అన్నది భోజనపు బల్లయొద్ద. అతని స్నేహితులు "వద్దు" అన్నది దూరా మైదానములో ప్రతిమ యెదుట. చదివిరి, మ్రొక్కలేదు.

ఇంకొక సంగతి కలదు. దానియేలు భోజనము వద్దని కేకలు వేయలేదు. పైవాని బ్రదుకు తనవలన ప్రమాదములో పడకుండునట్లు పది దినముల గడువు అడిగెను. బడి పంతులుతో మాట్లాడబోవు తండ్రులు ఈ వచనములను రెండుసార్లు చదువుకొని వెళ్లుట మంచిది.

పౌలు ఏథెన్సులో చేసినదియు ఇటువంటిదే. విగ్రహములను చూచి అతని మనస్సు మండెను, అయినను పట్టణమంతయు నడచి బలిపీఠములమీది వ్రాతలు చదివెను. ఆ దేశపు కవుల మాటలనే ఎత్తి వారితో మాటలాడెను. అవి పౌలుకు ఎక్కడివి? ఎప్పుడో చదివియుండవలెను, లేక వినియుండవలెను.

ఇక మన ఊరికి వత్తము. జూజువాడి సరిహద్దు ఊరు. రోడ్డు దాటి కొంచెము ముందుకు పోయినయెడల కర్ణాటకపు అత్తిబెలె. ఇటు హోసూరు సిప్కాట్ పారిశ్రామిక వాడ. దాని పనులకొరకు చిత్తూరునుండి, అనంతపురమునుండి మనవారు వచ్చినట్లే బీహారునుండి, ఒడిశానుండి కూడ జనులు వచ్చియున్నారు. తరతరములుగా ఇక్కడనే ఉన్న తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, ఉర్దూ మాటలాడు ముస్లిములు మనకంటె ముందే ఉన్నారు. ఇన్ని ఇండ్ల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుండుచున్నారు. ప్రక్క పిల్లవాడు రంజాను నెలలో ఎందుకు మంచినీళ్లు త్రాగుట లేదో మన పిల్లకు తెలియదు. మన పిల్ల ప్రసాదము ఎందుకు తీసికొనదో వానికి తెలియదు. తెలియనిచోట వెక్కిరింత పుట్టును.

తమిళనాడులో "మతము" అను పేరుతో విడిగా పాఠ్యాంశము లేదు. అయినను మతములను గూర్చిన చదువు మన పిల్లలకు అందుచునే యున్నది, సాహిత్యముగుండా. 2006లో చేసిన చట్టమువలన ఈ రాష్ట్రములో తమిళము అందరును చదువవలసిన భాష ఆయెను. మాతృభాష పాఠములకు దీనివలన కలిగిన ఇబ్బంది మనకు తెలియనిది కాదు. అది వేరొక పాఠమునకు తగిన విషయము. అయితే ఆ తమిళ వాచకములు తెరచి చూడుడి. ఇటలీనుండి వచ్చిన పాదిరి బెస్కీ (తమిళులు వీరమామునివర్ అందురు) యోసేపునుగూర్చి వ్రాసిన 'తేంబావణి' కలదు. ఉమరు పులవర్ మహమ్మదు ప్రవక్తపై వ్రాసిన 'సీరాపురాణము' కలదు. యాత్రికుని ప్రయాణమును తమిళ కావ్యముగా మలచిన కృష్ణ పిళ్లై 'రక్షణ్య యాత్రికము' కలదు. తిరుక్కురళ్ సరే సరి. శైవుల ఇంటి పిల్ల యోసేపు కథ చదివి పరీక్ష వ్రాయుచుండగా, మన పిల్ల ప్రహ్లాదుని పద్యము చదువుట తప్పని మనము ఏ ముఖముతో చెప్పగలము?

మన తెలుగు కవిత్వములోనే చూడుడి. గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబములో పుట్టినవాడు. 1941లో వెలువడిన 'గబ్బిలము'లో అంటరానివాడు తన మొరను కాశీలోని శివునికి విన్నవించుమని గబ్బిలమును పంపుచున్నాడు. కాళిదాసు మేఘమును దూతగా పంపిన సంగతి తెలియనివానికి, గుడిలోనికి మనిషికి ప్రవేశము లేనిచోట గబ్బిలమునకు ప్రవేశమున్నదను దెబ్బ ఎట్లు తగులును? ఆ కవియే 'క్రీస్తు చరిత్ర' వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. సువార్తలు తెలియని పంతులు దానిని పాఠము చెప్పలేడు. శివుని కథ తెలియని క్రైస్తవ పంతులు గబ్బిలము చెప్పలేడు. ఇద్దరికిని లోపమే.

చట్టము ఏమి చెప్పుచున్నది? మన రాజ్యాంగపు 28వ అధికరణము చిన్నది, ప్రతి తల్లిదండ్రులు తెలిసికొనదగినది. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ చేయరాదు. ధర్మనిధితో స్థాపింపబడి మతబోధ కోరిన సంస్థలను ప్రభుత్వము నిర్వహించుచుండినయెడల వాటికి మినహాయింపు కలదు. మూడవ భాగము మనకు ముఖ్యమైనది. ప్రభుత్వ గుర్తింపు గలిగినదైనను, ప్రభుత్వ సహాయము పొందునదైనను, ఏ బడిలోనైనను జరుగు మతబోధలో గాని ఆరాధనలో గాని విద్యార్థిని బలవంతముగా చేర్చరాదు. విద్యార్థి మైనరు అయినయెడల తల్లిదండ్రులు లేక సంరక్షకులు సమ్మతి ఇచ్చియుండవలెను. ఊరకుండుట సమ్మతి కాదు.

1985లో కేరళలో యెహోవా సాక్షుల ఇంటి పిల్లలు ముగ్గురు జాతీయగీతము వేళ మర్యాదగా నిలువబడి, పాడకయుండినందున బడినుండి పంపివేయబడిరి. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని తీర్పు చెప్పెను. వారి సిద్ధాంతము మనకు సమ్మతము కాదు. అయినను వారికి వచ్చిన తీర్పు నీడలో మన పిల్లలును నిలిచియున్నారు.

మరి మతములను గూర్చి చదువు చెప్పుట నిషేధమా? కాదు. 1964–66 నాటి కొఠారి కమిషను మతబోధ వేరు, మతములను గూర్చిన బోధ వేరు అని స్పష్టముగా విడదీసి, రెండవది బడులలో ఉండవలెనని సిఫారసు చేసెను. 2000 సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళికపై వేసిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ భేదమునే అంగీకరించెను. మతముల అధ్యయనము 28వ అధికరణమునకు విరుద్ధము కాదనెను, ఆ పేరుతో ఒక మతమును పిల్లల నెత్తిన రుద్దరాదనియు హెచ్చరించెను. అమెరికాలోనున్న మన బంధువులు అడిగినయెడల, అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే ప్రభుత్వ బడులలో బైబిలును భక్తికొరకు చదివించుట కూడదనియు, విద్యగా చదివించవచ్చుననియు చెప్పినదని చెప్పుడి. కాగితముమీద గీత బాగుగనే యున్నది. తరగతి గదిలో గీత పంతులు నోటిలో ఉన్నది, చిక్కు అక్కడనే.

ఆ నోరు ఎంత పని చేయునో ఒక తెలుగు పిల్లవాని చరిత్ర చూపుచున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబములో పుట్టెను. తిరుపతిలో లూథరన్ మిషను బడిలో, వేలూరులో వూర్‌హీస్ కాలేజీలో, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను. అన్నియు మన క్రైస్తవ సంస్థలే. బైబిలు చక్కగా నేర్చుకొనెను. అయితే అచ్చట హిందూమతముపై విన్న విమర్శలు తన మనస్సును గాయపరచి, ఆ మతమును లోతుగా పరిశోధించుటకు పురికొల్పినవని ఆయనే వ్రాసికొనెను. ఎం.ఏ. పట్టమునకు వేదాంతపు నీతిపై వ్యాసము వ్రాసి 1908లో అచ్చు వేయించెను. దానిని మెచ్చుకొన్న గురువు ఎ. జి. హాగ్ అను మిషనరీయే. హాగ్ దొర హిందూ గ్రంథములను శ్రద్ధగా చదివినవాడు, కర్మ సిద్ధాంతముపై పుస్తకము వ్రాసినవాడు. ఒకే మతపు గురువులలో కొందరి మాట ఆ పిల్లవానిని నొప్పించెను, ఒకరి మెప్పు అతనిని నిలబెట్టెను. రాధాకృష్ణన్ తరువాత ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతముల ఆచార్యుడాయెను. 1948–49లో విశ్వవిద్యాలయ కమిషనుకు అధ్యక్షుడై, మహాపురుషుల జీవితములను, పలు మతముల గ్రంథభాగములను విద్యార్థులకు నేర్పవలెనని సిఫారసు చేసెను.

ఈ చరిత్ర చదువునప్పుడు మన సంఘములవారు నడుపు బడులను జ్ఞాపకము చేసికొనక తప్పదు. 28వ అధికరణపు మూడవ భాగము వాటికిని వర్తించును. హిందువుల, ముస్లిముల పిల్లలను బైబిలు తరగతిలో కూర్చుండబెట్టుటకు ముందు వారి తల్లిదండ్రుల సమ్మతి వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. "ఫీజు కట్టి చేర్చిరి గనుక ఒప్పుకొన్నట్లే" అను మాట మనవారినోట విన్నాము. ఇదే మాట వేరొక మేనేజ్‌మెంటు మన పిల్ల విషయములో చెప్పినయెడల మనము సహింతుమా? బాప్తిస్టులకు ఇది క్రొత్త సంగతి కాదు. 1612లో థామస్ హెల్విస్ రాజుకు మనుష్యుల మనస్సాక్షిపై అధికారము లేదని వ్రాసినప్పుడు, తన సంఘస్థులకొరకు మాత్రమే వ్రాయలేదు. తురుష్కులకు, యూదులకు కూడ ఆ స్వేచ్ఛను అడిగెను. ఆ వ్రాతకు చెరసాల పాలాయెను.

మన యింటి అజ్ఞానమును గూర్చియు ఒక మాట. గుడ్ ఫ్రైడేనాడు ఎవరైనను మనకు "శుభాకాంక్షలు" చెప్పినయెడల నవ్వుకొందుము. అదే నోటితో మొహరమునాడు ముస్లిము పొరుగువానికి శుభాకాంక్షలు చెప్పుచున్నాము. అది 680లో కర్బలాలో ఇమాము హుస్సేను చంపబడిన జ్ఞాపకము. మన పల్లెలలో పీర్ల పండుగ అనుచు చూచినదే. బక్రీదు అబ్రాహాము బలి జ్ఞాపకమని సండే స్కూలు పిల్లలలో ఎందరికి తెలియును? మనము రోజును పలుకు "సంఘము" అను మాటయే అమరావతి, నాగార్జునకొండ బౌద్ధులు తమ భిక్షుసమాజమునకు వాడిన మాట. మన కీర్తనల పుస్తకములో పాటల నెత్తిన వ్రాసియుండు రాగము, తాళము ఎక్కడివో పెద్దలు ఒక ఆదివారము పిల్లలకు వివరించినయెడల బాగుండును.

ఇప్పుడు చేయవలసిన పని. ఈ సంవత్సరము బడికి ఉత్తరము ఇచ్చు తల్లిదండ్రులు ఈ మాదిరిగా వ్రాయవచ్చును:

"అయ్యా, మా కుమార్తెకు అన్ని మతములను గూర్చిన పాఠములు మిగిలిన పిల్లలతోపాటు చెప్పుడి, పరీక్షయు పెట్టుడి. పండుగలను గూర్చి వ్రాయుటకు, కథలు చదువుటకు మాకు ఆక్షేపణ లేదు. పూజలో, హారతిలో పాల్గొనుటకు మాత్రము రాజ్యాంగము 28(3) ప్రకారము మేము సమ్మతి ఇచ్చుట లేదు. ఆ సమయమున ఆమె మౌనముగా, మర్యాదగా ప్రక్కన నిలువబడును."

రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ఆఫీసులో ముట్టినట్లు సంతకము, తేదీ తీసికొనుడి. ఉత్తరమును పిల్లచేతికిచ్చి పంపవద్దు. తండ్రికి షిఫ్టు ఉన్నయెడల తల్లి వెళ్లవచ్చును, తల్లికి తమిళము రాకపోయినయెడల సంఘములో తమిళము వచ్చిన ఒకరు తోడు వెళ్లుదురు. ఆ రాత్రి పిల్లను కూర్చుండబెట్టుకొని, తరగతిలో ఎవరైనను "నీవెందుకు కుంకుమ పెట్టుకొనవు?" అని అడిగినయెడల ఏమి చెప్పునో మొదట ఆమెనే చెప్పనిచ్చి వినుడి.