సంఖ్యా విభజనము

నాలుగు తులసీదళములను ఎన్ని విధములుగ కుప్పలు వేయవచ్చును? నాలుగును ఒకే కుప్ప, మూడు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, నాలుగును విడివిడిగ. వెరసి అయిదు విధములు. ఛందశ్శాస్త్ర ప్రస్తారమునందు గురులఘువుల క్రమము మారిన వేరొక భేదమగును. ఇచట క్రమముతో పనిలేదు. దీనినే గణితజ్ఞులు సంఖ్యా విభజనమందురు.

9కి 30, 14కి 135, 100కి 19,05,69,292 విభజనములు కలవు! మక్‌మహోన్ అను బ్రిటిషు గణితజ్ఞుడు 200 వరకు ఈ లెక్కలను చేతితోనే కట్టెను. ఆ పట్టికను పరిశీలించిన శ్రీనివాస రామానుజన్, 4తో గాని 9తో గాని అంతమగు ప్రతి సంఖ్యకును గల విభజనముల లెక్క 5చే నిశ్శేషముగ భాగింపబడునని గుర్తించెను.

నామక్కల్ నామగిరి తాయారు ఆయన ఇలవేల్పు. తనకు కలిగిన స్ఫురణ ఆ తల్లి కటాక్షమనియే ఆయన విశ్వాసము. అయినను 200 వరకు సరిపోయినది ఆపైన తప్పవచ్చును గదా! కావుననే ఆయన స్ఫురణతో తృప్తిపడక, 1919లో ప్రకటించిన వ్యాసమున దానిని ఉపపత్తిపూర్వకముగ నిరూపించెను. అనుగ్రహము లభించిన వానికిని శ్రమ తప్పదని పాఠకమహాశయులు గ్రహింతురు గాక!